తల కాస్త వంచమ్మా

"మంచి చీరలు కట్టుకుని రావద్దని చెప్పమ్మా," అన్నాడు రమేష్ బాబు ఫోన్లో.

నవ్య అప్పుడు అంగన్‌వాడీ కేంద్రం వెనక పిల్లల పళ్ళాలు తోముతోంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని వింటోంది. సరిగ్గా వినపడలేదేమో అనుకుని, "ఏంటండి?" అని మళ్ళీ అడిగింది.

"అదేనమ్మా. పోయినేడు సగంమంది పట్టుచీరలు కట్టుకొచ్చారు. ఫోటోలు చూస్తే పెళ్ళిభోజనాలకొచ్చినట్టుంది. చందాలిచ్చినవాళ్ళు ఏమనుకుంటారు చెప్పు? ఇంట్లో కట్టుకునేవి కట్టుకోమను. మెళ్ళో గొలుసులుంటే లోపలికి వేసుకోమను. నువ్వు చెప్తే వింటారు. ఒకటో తారీకు పదింటికల్లా అందర్నీ కూర్చోబెట్టాలి, మర్చిపోకు."

"సరేనండి," అంది నవ్య. ఫోను పెట్టేశాక చాలాసేపు అదే పళ్ళెం తోముతూ ఉండిపోయింది.

రమేష్ బాబు తెనాలి బసవేశ్వరరావుగారి మేనేజరు. బసవేశ్వరరావుగారికి తెనాలిలో రైసు మిల్లు, రేపల్లె దాటాక సముద్రం వైపు ఐసు ఫ్యాక్టరీ ఉన్నాయి. ఆ ఫ్యాక్టరీ లారీ నడిపేది నవ్య భర్త అశోక్. మూడేళ్ళుగా ఏటా జనవరి ఒకటిన బసవేశ్వరరావుగారి సేవాసంఘం నవ్య వాళ్ళ ఊరికి, పడమటిదిబ్బకి, వ్యానులో వచ్చి నాలుగొందల పులిహోర పొట్లాలూ ఇంటికో బియ్యం సంచీ పంచి వెళ్తుంది. ఆ పంచడానికి ముందూ వెనకా ఉండే చాకిరీ అంతా నవ్యదే. ఇంటింటికీ తిరిగి పేర్లు రాయాలి. చీటీలివ్వాలి. కేంద్రం ముందు ఊడ్చి, నీళ్ళు చల్లి, టెంటు కింద చాపలు పరవాలి. పిల్లలకి 'థ్యాంక్యూ సార్' అని ఒక్క గొంతుతో అనడం నాలుగు రోజుల ముందునుంచే నేర్పాలి. అందరూ వెళ్ళిపోయాక గాలికి సముద్రం వైపు కొట్టుకుపోయే ప్లాస్టిక్ కవర్లు ఏరుకోవాలి. ఇది నా పనేనా అని ఆమె ఎవర్నీ అడగలేదు. అడిగితే ఏం జవాబొస్తుందో తెలుసు. "మంచి పనికి కూడా లెక్కలేంటమ్మా," అని నవ్వుతారు. అశోక్ అయితే, "ఊళ్ళో నీకేగా పేరు," అంటాడు. ఆ పేరుతో ఆ మూడేళ్ళలో ఒక్కరోజైనా ఆమె పళ్ళాలు వేరే ఎవరూ తోమలేదు.

సాయంత్రం రమేష్ బాబు మాట అశోక్‌కి చెప్పింది.

"చెప్తే పోయేదేముంది? నోటిమాటేగా," అన్నాడు అతను, లారీ తాళాలు మేకుకి తగిలిస్తూ.

"ఏ మొహం పెట్టుకుని చెప్పమంటావు బావా? ఏడాదికోసారి కట్టుకునే చీర కట్టుకోవద్దని?"

"నువ్వు ప్రతీదీ పెద్దది చేస్తావు."

అశోక్ తల్లి అంకాలమ్మ చేపలగంప కడిగి గోడకి ఆనిస్తోంది. ఆమె నవ్యకి సొంత మేనత్తే. ముప్పై ఏళ్ళుగా గంప నెత్తిన పెట్టుకుని రేపల్లె వీధుల్లో చేపలమ్ముతోంది.

నాలుగు రోజుల తర్వాత నవ్య అంగన్‌వాడీ టీచర్ల మీటింగుకి బాపట్ల వెళ్ళింది. మధ్యాహ్నం నలుగురైదుగురు టీచర్లు కలిసి బస్టాండు దగ్గర టిఫిన్ హోటల్లో కూర్చున్నారు. ఇడ్లీ తుంచుతూ తలెత్తితే గల్లాపెట్టె వెనక గోడ మీద కొత్త సంవత్సరం క్యాలెండరు. బసవేశ్వరరావుగారు తెల్లచొక్కాలో నవ్వుతూ పొట్లం అందిస్తున్నారు. ఎదురుగా ఒకామె రెండు చేతులూ చాపి, మెడ వంచి నిలబడింది. కింద పెద్దక్షరాలతో 'ఆకలి లేని కొత్త సంవత్సరం' అని ఉంది. ఆ ఆడమనిషిని చూసి నవ్యకి ముందు జాలేసింది. పాపం ఎవరో, ఎంత కష్టంలో ఉందో అనుకుంది. తర్వాత ఆకుపచ్చ జాకెట్టు, దాని చేతికి తను వేసిన ఎర్రదారం కుట్టు కనపడ్డాయి. ఆ వంగిన మెడ తనది.

అప్పుడు జరిగింది మొత్తం గుర్తొచ్చింది. పోయిన జనవరి ఒకటిన చీటీలో పేరున్న నాగరత్నమ్మ రాలేదు. మనిషిని పంపితే, "పొయ్యిమీద కూరుంది, నేను రాను," అని కబురు చేసింది. ఫోటోగ్రాఫరు ఇంకొక్క ఫోటో కావాలన్నాడు. "నువ్వే నిలబడమ్మా, ఏముందిలే," అన్నాడు రమేష్ బాబు. చేతిలో పేర్ల పుస్తకం పక్కన పెట్టి నిలబడింది. "చేతులు చాపు. నవ్వొద్దు. తల కాస్త వంచమ్మా. ఇంకాస్త." వంచింది. క్లిక్ అయ్యాక ఆ పొట్లం కూడా తన చేతిలో ఉంచలేదు. లెక్కలో తగ్గుతుందని వెనక్కి తీసుకుని పక్కామెకిచ్చారు. ఆ క్షణంలో నవ్యకి నవ్వొచ్చింది కూడా. అప్పుడు ఎందుకు నవ్వొచ్చిందో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండింది.

"ఏంటి నవ్యా, అది నువ్వేగా?" పక్కనున్న టీచరు గొంతు తగ్గించి అడిగింది. "ఇంట్లో అంత ఇబ్బందిగా ఉందా? మాతోనైనా చెప్పుకోకూడదా?"

నిజంగా ఇబ్బంది పడ్డ రోజులు నవ్యకి లేకపోలేదు. ఏప్రిల్ పదిహేను నుంచి రెండు నెలలు చేపలు గుడ్లు పెట్టే కాలమని సముద్రంలో వేట ఆపేస్తారు. పడవలు ఒడ్డెక్కుతాయి. ఐసు అడిగేవాడుండడు కాబట్టి లారీ కూడా ఆగిపోతుంది. ఆ రెండు నెలల్లో ఊళ్ళో ఏ ఇంట్లో పొయ్యి ఒకపూటే వెలుగుతుందో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. కేంద్రంలో పిల్లల బరువులు రాసే పుస్తకం ఆమె చేతుల్లోనే ఉంటుంది. మే నెల గడిలో ప్రతి ఏడాదీ గీత కిందికి దిగుతుంది. కూతురు బిందు తన కడుపులో ఉన్న ఏడు, సరిగ్గా ఆ నెలల్లోనే, మొగుడికీ మామకీ పెట్టాక గిన్నె అడుగున ఏం మిగిలితే అది తిన్నది. మిగలని రోజు, "నాకు ఆకలిగా లేదు," అని చెప్పి గంజి తాగి పడుకుంది. అది ఆమె ఒక్కతే ఆడే అబద్ధం కాదు. ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఆ ఒక్క మాటనే ఆడతారు, వాళ్ళమ్మలు నేర్పినట్టే. కానీ ఆ నెలల్లో ఏ వ్యానూ రాలేదు. జనవరి ఒకటిన మాత్రం, వలలు నిండుగా పడే రోజుల్లో, పొద్దున పులిహోర, మధ్యాహ్నం ఇంకెవరిదో బిరియానీ, సాయంత్రం ఇంకెవరి పుట్టినరోజుదో కేకు. తినలేక కుక్కలకి వేసేవాళ్ళు. ఏ నెలలో ఆకలుంటుందో ఆకలితో ఉన్నవాళ్ళని అడిగి తారీకు పెట్టలేదెవరూ.

ఆదివారం పొద్దున రేపల్లెలో రైలెక్కి తెనాలి వెళ్ళింది. అశోక్‌తో చెప్పలేదు. చెప్తే ఆపుతాడని కాదు, ఆపితే ఆగిపోతానేమోనని.

బసవేశ్వరరావుగారిల్లు పెద్దది. వెనక వరండాలో ఆయన భార్య శకుంతల కింద కూర్చుని చింతపండులో గింజలు ఏరుతోంది. యాభై ఐదేళ్ళుంటాయి. చుట్టూ బస్తాలు, గంగాళాలు. "రామ్మా, కూర్చో," అంది. నవ్య కూర్చునేలోపే లోపల్నించి కేక. "శకుంతలా, కాఫీ!" ఆమె చేతులు కడుక్కుని లేచింది. మళ్ళీ వచ్చి కూర్చుంది. "శకుంతలా, కళ్ళజోడు!" మళ్ళీ లేచింది.

బసవేశ్వరరావుగారు హాల్లోకి పిలిచారు. ఆయన చెడ్డమనిషేం కారు. ఎవర్నీ గద్దించి మాట్లాడరు.

"ఏమ్మాయ్, నీ ఫోటో జిల్లా అంతా తిరుగుతోంది. చూశావా? ఆ ఫోటో చూసి ఈ ఏడు చందాలు రెట్టింపొచ్చాయి."

"ఆ ఫోటో తీయించెయ్యండి సార్," అంది నవ్య. "నేను అడుక్కునేదాన్ని కాదు. నేను మీ పని చేస్తూ నిలబడ్డాను. పొట్లం కూడా తీసుకోలేదు."

"అడుక్కునేదానివని ఎవరన్నారమ్మా? దీన్లో తప్పేముంది? ఒక మొహం కనపడితేనేగా పదిమంది చెయ్యి కదిలేది."

"అయితే మీ ఇంట్లోవాళ్ళ మొహం వేయండి."

ఆయన నవ్వారు. "మా ఇంట్లోవాళ్ళకేం ఆకలమ్మా?"

నవ్యకి కాఫీ తెచ్చిన శకుంతల గుమ్మంలోనే ఆగిపోయింది.

నవ్య ఇంకొక్కటి అడుగుదామనుకుంది. ఇంతదూరం వచ్చి అడక్కుండా పోకూడదనుకుంది. "పోనీ, ఒకటో తారీకు మానేసి మే నెలలో రండి సార్. వేట ఆగిపోయినప్పుడు. పొట్లాలు వద్దు, బియ్యం, పప్పు, పిల్లలకి గుడ్లు ఇస్తే చాలు. ఎవరికివ్వాలో నేను చూపిస్తాను. ఫోటో లేకుండా."

ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. అమాయకంగా అడిగారు. "మే నెలలో పండగేముందమ్మా?"

గేటు దాకా శకుంతల వచ్చింది. ఏదో చెప్పాలన్నట్టు నిలబడి, "నేను చెప్తే వింటారనుకోకమ్మా. నేను చెప్పిందేదీ ఈ ఇంట్లో ఇంతవరకూ..." అని ఆపేసింది. లోపల్నించి మళ్ళీ కేక వినపడితే గబగబా వెళ్ళిపోయింది. వేళ్ళ సందుల్లో చింతపండు ఇంకా అంటుకునే ఉంది.

నవ్య ఇల్లు చేరేసరికి కబురు ముందే చేరింది. అశోక్ వాకిట్లోనే పట్టుకున్నాడు.

"ఆయనింటికెళ్ళి ఆయనకే బుద్ధి చెప్పొచ్చావంట? రమేష్ బాబు ఫోన్లో నన్ను ఎంతలేసి మాటలన్నాడో తెలుసా? ఈ ఉద్యోగం పోతే ఏం తింటాం?"

"ఫోటో తీసెయ్యమన్నాను బావా, అంతే."

"ఫోటోలో ఏముందే? నీ బొమ్మేగా, అరిగిపోయిందా?"

అప్పుడు అంకాలమ్మ నోరు తెరిచింది.

"అరిగిపోయింది," అంది. "నిన్న రేపల్లెలో లాయరుగారి భార్య దగ్గరికెళ్ళా. ఇరవై ఏళ్ళుగా ఆమెకి చేపలేస్తున్నా. నేను మూడొందలంటే ఆమె నూటయాభై అంటది. గంప ఎత్తబోతా. వెనక్కి పిలుస్తది. మళ్ళీ దించుతా. ఇరవై ఏళ్ళూ అంతే. నిన్న వాళ్ళ గోడమీద నీ పెళ్ళాం బొమ్మ ఉంది. 'ఈమె మీ కోడలేనంటగా అంకాలమ్మా, మీకంత కష్టమా,' అంది. అడిగినంతా చేతిలో పెట్టింది. బేరమాడలా." ఆమె కొంగుముడి విప్పి ఆ నోట్లు అరుగు మీద పెట్టింది. "నా చేపలకి ఇవ్వలేదురా ఆ డబ్బులు. నా మొహం చూసి ఇచ్చింది. ఇరవై ఏళ్ళ బేరం పోయింది నాకు."

అశోక్ తల దించుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి నవ్య ఇంటింటికీ తిరిగింది. పేర్లు రాయలేదు, చీటీలివ్వలేదు. మంచి చీరలు కట్టుకుని రావద్దన్నారు, గొలుసులు లోపలికి వేసుకోమన్నారు అని, రమేష్ బాబు ఎలా చెప్పాడో అలాగే, ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తీసెయ్యకుండా చెప్పింది. రమ్మనలేదు, రావద్దనలేదు. కొందరు నవ్వారు. కొందరు తిట్టారు. ఒకామె తన చీరకొంగు వైపు చూసుకుని ఊరుకుంది. నాగరత్నమ్మ మాత్రం, "నువ్వేం చేస్తున్నావు ఆరోజు?" అని అడిగింది.

"ఇంట్లో వంట చేసుకుంటాను పెద్దమ్మా. సెలవు కదా."

"బాగుంది. నేనూ అంతే," అంది నాగరత్నమ్మ. "ఊళ్ళో నిజంగా వండుకోలేనివాళ్ళు నలుగురున్నారు. వాళ్ళ గడప మనకి తెలుసు. గిన్నెలు పంపుదాం."

ఒకటో తారీకు పొద్దున పదింటికి వ్యాను వచ్చింది. నడిపింది అశోకే. వెనక కార్లో బసవేశ్వరరావుగారు, శకుంతల, ఇంకో ఇద్దరు సంఘం పెద్దలు. కేంద్రం ముందు ఊడ్చి లేదు. చాపలు లేవు. ఎవరూ లేరు. ఇళ్ళల్లోంచి తాలింపు వాసనలొస్తున్నాయి. రమేష్ బాబు అటూ ఇటూ పరిగెత్తి చివరికి నవ్య వాకిట్లోకి వచ్చాడు. వెనకే బసవేశ్వరరావుగారూ వచ్చారు. నవ్య అరుగు మీద కూర్చుని చింతకాయలు దంచుతోంది. పొయ్యి మీద మెత్తళ్ళ చేపలు ఉడుకుతున్నాయి. ఆమె కట్టుకున్నది పెళ్ళిపట్టుచీర కాదు, పాతదీ కాదు. ఆరోజు తనకి కట్టుకోవాలనిపించిన చీర.

"ఏంటమ్మా ఇది? జనమేరీ?" అన్నాడు రమేష్ బాబు.

"ఇళ్ళల్లో ఉన్నారండి."

"పిలువు మరి!"

"పిలిచే పని నాది కాదండి. మీరు చెప్పమన్నది ఇంటింటికీ వెళ్ళి చెప్పాను. విన్నారు. ఈరోజు అందరి ఇళ్ళల్లోనూ అన్నం ఉందండి."

బసవేశ్వరరావుగారి మొహం ఎర్రబడింది. అయినా గొంతు పెంచలేదు. "నాలుగొందల పొట్లాలు నేలపాలు చెయ్యమంటావా? అన్నం విలువ తెలియదా నీకు?"

ఆ ప్రశ్న సూటిగా తగిలింది. అన్నం విలువ. నవ్య రోకలి పక్కన పెట్టి లేచి నిలబడింది. తల వంచలేదు, ఎత్తనూలేదు. మనిషితో మాట్లాడేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

"తెలుసండి. అందుకే చెప్తున్నాను. రేపల్లె స్టేషన్లో, బస్టాండులో ఇంటికి పోలేక పడుకున్నవాళ్ళుంటారు. మధ్యాహ్నంలోపు వెళ్తే పాడవకుండా అందుతాయి. ఫోటోల కోసం ఆగితేనే పాడవుతాయి. మాకివ్వాలనుంటే మే నెలలో రండి. అప్పుడు నేనే ఎదురొస్తాను."

అశోక్ వ్యాను పక్కన నిలబడి నేల చూస్తున్నాడు. నవ్య అతని వైపు చూడలేదు. చూస్తే మాట ఆగిపోతుందని భయం. అతని వెనక, కారు తలుపు పట్టుకుని శకుంతల నిలబడి ఉంది. ఎండ పొడకి కళ్ళు చికిలించుకుంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. అలాంటి పెదాల్ని నవ్య ఎక్కడైనా గుర్తుపడుతుంది.

"పిన్నిగారూ," అని పిలిచింది. "మీరు తిన్నారా?"

శకుంతల ఉలిక్కిపడింది. అటూ ఇటూ చూసింది, ఇంకెవర్నో అడిగారేమోనని. "నేనా? లేదమ్మా. మూడింటికి లేచాం. పొట్లాలు కట్టేసరికి... నాకు ఆకలిగా లేదులే."

నాలుగొందలమందికి చింతపండు పిసికిన మనిషి. తన ఇంటి ఆడవాళ్ళ నోట, తన నోట వచ్చే మాటే, తెనాలి మేడలోంచి కూడా ఇలాగే వస్తుందని నవ్య ఎప్పుడూ అనుకోలేదు.

"ఆకలిగానే ఉంది మీకు. రండి," అంది.

శకుంతల చెప్పులు విప్పి అరుగెక్కింది. నవ్య పీట వేసి, పళ్ళెంలో వేడన్నం, చింతకాయ మెత్తళ్ళ పులుసు పెట్టింది. అంకాలమ్మ లోపల్నించి నీళ్ళచెంబు తెచ్చి పక్కన పెట్టి, "నిదానంగా తినండమ్మా, ముల్లు చూసుకోండి," అంది. శకుంతల మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"శకుంతలా, ఏంటిది? కారెక్కు," అన్నారు బసవేశ్వరరావుగారు.

"అన్నం తింటున్నానండి," అంది ఆమె, తల తిప్పకుండానే.

"ఇంటికెళ్ళి తినొచ్చు."

"ఇంట్లో ఎప్పుడు తిన్నానో మీకు తెలుసా?" అంది శకుంతల. కోపంగా అనలేదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. సంఘం పెద్దలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని కారు వైపు నడిచారు. ఆమె పళ్ళెం నవ్య వైపు జరిపి, "ఇంకాస్త పెట్టమ్మా," అంది.

ఫోటోగ్రాఫరు అలవాటు కొద్దీ కెమెరా ఎత్తాడు. నవ్య అతనికీ శకుంతలకీ మధ్యకొచ్చి నిలబడింది.

"తినే మనిషిని తీయకూడదు బాబూ. దించు."

దించాడు.

కారు వెళ్ళేసరికి పదకొండు దాటింది. వ్యానుని రేపల్లె వైపే మళ్ళించమని కారెక్కేముందు రమేష్ బాబుకి చెప్పింది శకుంతలే. చుట్టూ ఉన్న ఇళ్ళ గుమ్మాల్లో ఆడవాళ్ళు నిలబడి చూశారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

అశోక్ మధ్యాహ్నం రెండింటికి నడుచుకుంటూ వచ్చాడు. మేకు దగ్గర చెయ్యి ఎత్తి, తగిలించడానికి తాళాలు లేవని గుర్తొచ్చి దించేశాడు.

"రేపట్నుంచి రావద్దన్నాడు రమేష్ బాబు," అన్నాడు.

అంకాలమ్మ గంప అల్లిక సరిచేసుకుంటోంది. "నువ్వు ఐసుబండి ఎక్కకముందు కూడా మనం తిన్నాంరా," అంది. "మీ పెదనాన్న పడవలో మనిషి కావాలంటున్నాడు. పొద్దున్నే పో."

అతను నవ్య ఏమంటుందో అని చూశాడు. తిడుతుందనో, ఏడుస్తుందనో, క్షమించమంటుందనో. నవ్య అప్పుడే పళ్ళెంలో అన్నం పెట్టుకుని కూర్చుంది. ఉద్యోగం పోయినందుకు ఆమెకి బాధ లేకపోలేదు. రేపటి నుంచి ఎలా అన్న లెక్క ఆమె కూడా వేసుకుంటూనే ఉంది. కానీ ఆ బాధని క్షమాపణగా మార్చి అతని ముందు పెట్టదలుచుకోలేదు.

"ఆకలేస్తోంది. అన్నం పెట్టు," అన్నాడు అశోక్.

పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో ఆ మాట వినపడితే ఆమె ఎన్ని వందలసార్లు ఎంగిలిచేత్తో లేచిందో. ఇప్పుడూ మోకాళ్ళు వాటంతటవే కదలబోయాయి. ఆమె వాటిని కదలనివ్వలేదు.

"గిన్నెలో ఉంది బావా. పెట్టుకో. నేను తింటున్నాను."

అతను తల్లి వైపు చూశాడు. అంకాలమ్మ గంప మీంచి తలెత్తకుండా, "నా వైపు చూడకు," అంది. అశోక్ పొయ్యి దగ్గరికి వెళ్ళి మూత తీశాడు. గిన్నెలోకి చూశాడు. చుట్టూ చూశాడు.

"గరిటె ఎక్కడుంది?"

"ఈ ఇంట్లోనే ఉంది," అంది నవ్య, ఇంకో ముద్ద కలుపుకుంటూ.